మరుగుదొడ్డి తలుపుకు అడ్డంగా సామి ఎద్దు

మట్టిని నమ్ముకుని, కరెంటూ ప్లాస్టిక్కూ లేకుండా బతకాలని ఉబలాటపడే కుర్రకారు ఈమధ్య తరచుగా మా ఇంటికి వస్తున్నారు. "పర్మాకల్చర్ తోట నడిపారట గదా అంకుల్, మీ అనుభవం చెప్పండి" అని ఫోన్లు రికార్డింగులో పెట్టి నా ముందు ఉంచుతారు. వాళ్ళు కందకాల గురించీ విత్తనాల గురించీ వినాలని వస్తారు. నేను ఎద్దు దగ్గర మొదలుపెడతాను. ఎంత సేపటికీ ఎద్దు దగ్గరే ఉంటాను. సగం మంది కాఫీ తాగేసి మర్యాదగా లేచిపోతారు. మిగతా సగం మంది కోసం ఇది రాస్తున్నాను.

ముందే చెప్పేస్తున్నాను, నేను వ్యవసాయం చదివినవాణ్ణి కాదు. కోయంబత్తూరు పీలమేడులో ఒక నూలు మిల్లులో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ని. మిల్లు మూతపడ్డాక యజమానుల కుటుంబంలో ఒకాయనకు ప్రకృతి మీద మనసు పోయింది. పెరియకుళం దగ్గర, కొడైకానల్ కొండల అడుగున, మామిడి తోటల మధ్య కొంత భూమి తీసుకుని ట్రస్టు పెట్టి, తనే ఛైర్మన్ అయ్యారు. బయటి నుంచి ఏదీ తెచ్చుకోకుండా, ఉన్న నీటితో, పండినదానితో, మిగిలినదంతా తిరిగి మట్టికే ఇస్తూ ఎలా బతకాలో జనానికి నేర్పే తోట అది. దానికి మేనేజరుగా నన్ను పిలిచారు.

"నాకు కొర్రకూ సామకూ తేడా తెలీదండీ" అన్నాను.

"అదంతా నేర్చుకోవచ్చులేవయ్యా. ఆ పక్కన ఉండే ఊరోళ్ళంతా మనోళ్ళే, తెలుగోళ్ళు. నీకు తెలుగు వస్తాది గదా, అది చాలు" అన్నారు ఛైర్మన్.

ప్రపంచంలో ఎక్కడైనా తెలుగు మాట్లాడడం వల్ల ఒక మనిషి వ్యవసాయ క్షేత్రానికి అధిపతి అయ్యాడేమో నాకు తెలియదు. నేనయ్యాను.

ఆ "మనోళ్ళే" అన్న మాట దగ్గరే అసలు పొరపాటు జరిగింది. కోయంబత్తూరులో మాది వ్యాపారాలూ మిల్లులూ చూసుకునే తెలుగు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. ఆ ఊరివాళ్ళది ఎప్పుడో తరాల కిందట పశువులను తోలుకుంటూ వచ్చి అక్కడ నిలిచిపోయిన రైతుల తెలుగు. భాష ఒకటే కాబట్టి ఆచారాలూ ఒకటే అనుకున్నారు మా ఛైర్మన్. తోట ప్రారంభం రోజున ఊరివాళ్ళు తమ సామి ఎద్దును వెంటబెట్టుకుని చూడటానికి వచ్చారు. అది దేవుడికి విడిచిన ఎద్దు. ముక్కుతాడు ఉండదు, కాడి మోయదు, దాని మీద కర్ర ఎత్తకూడదు, గట్టిగా అదిలించకూడదు. తెల్లగా, కొండంత ఉంటుంది. మా ఛైర్మన్ దాన్ని చూసి పరవశించిపోయి, గేటు దగ్గర పసుపూ కుంకుమా పెట్టి, దండ వేసి, కర్పూరం వెలిగించి హారతి పట్టి, "లోపలికి రా సామీ" అని పిలిచారు. మా ఇళ్ళలో గృహప్రవేశానికి ఆవును అలా పిలుస్తాం. అది లోపలికి వస్తుంది, ఒక చుట్టు తిరుగుతుంది, వెళ్ళిపోతుంది. అంతటితో సరి.

ఆ ఊళ్ళో అంతటితో సరి కాదట. ఎద్దు బాగోగులు చూసుకునే పెద్దాయన మర్నాడే నాకు సంగతి చెప్పాడు.

"హారతిచ్చి పిలిచిన గడపకు సామి చుట్టం అయిపోయె సార్. ఇంగ ఎప్పుడు కావాలంటే అప్పుడు వస్తాది. పో అనకూడదు. పిలిచినోరే ఎదురుగా నిలబడి, తాంబూలం పెట్టి సాగనంపాల. వేరేవాళ్ళు సాగనంపితే సామికి అవమానం."

"పిలిచినాయన కోయంబత్తూరు వెళ్ళిపోయినారే!"

"ఆమా సార్. అదే నాకూ కష్టంగా ఉండాది" అన్నాడు పెద్దాయన. నిజంగానే దిగులుగా అన్నాడు.

ఆ రోజు నుంచి చుట్టం రావడం మొదలుపెట్టింది. జొన్న తినేది, చిక్కుడు తినేది, గుమ్మడి తీగను కొసలతో సహా తినేది. మల్చింగ్ కోసం పాదుల్లో పరిచిన గడ్డిని పడక చేసుకునేది. ముళ్ళకంచె వేద్దామని నేనంటే పెద్దాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "చుట్టం వచ్చే దారిలో ఎవరైనా ముళ్ళు వేస్తారా సార్?" అని అడిగాడు. మా కాలువ నీళ్ళు ఆ ఊరి మీదుగా వస్తాయి, మా పనివాళ్ళు ఆ ఊరి నుంచే వస్తారు. కంచె మాట ఇంక ఎత్తలేదు.

మాకొక డిజైనర్ ఉండేవాడు. పర్మాకల్చర్ కోర్సు చదివి వచ్చినవాడు, బంగారంలాంటి మనిషి. ఏ కష్టం వచ్చినా "సమస్యలోనే పరిష్కారం ఉంటుంది సార్" అనేవాడు. కష్టాలు అతనికంటే ఎక్కువ ఉత్సాహంగా ఉండేవి. తోటను ఇంటికి దగ్గర, దూరం అని జోన్లుగా విడగొట్టి పెద్ద పటం గీశాడు. ఎద్దు రాకపోకలు చూసి చూసి, చివరికి ఆ పటంలో మూడో జోన్లో ఒక ఎద్దు బొమ్మ వేసి, దాని కోసమే ఒక జొన్న మడి పెంచాడు. సామి వాటా అని దానికి పేరు. ఎద్దు వచ్చేది, తన వాటా తినేది, ఆ తర్వాత మా వాటాకు వచ్చేది.

ఇప్పుడు అక్క గురించి చెప్పాలి. నర్సరీ, వంటిల్లు, ఎరువు గుంటలు, మట్టి గోడలు, అన్నీ ఆమె చేతిలో ఉండేవి. ఆ ఊరి ఆడబిడ్డే. నాకంటే చిన్నదైనా అందరితో పాటు నేనూ అక్కా అనేవాణ్ణి. నోరు పెద్దది. నన్నూ తిట్టేది, డిజైనర్నీ తిట్టేది, మాగని ఎరువునూ తిట్టేది. ఒక్క ఎద్దును మాత్రం తిట్టేది కాదు. మా దగ్గర చేరకముందు ఏళ్ళ తరబడి మదురైలో మాట్టుతావణి హోల్‌సేల్ మార్కెట్లో టమాటాలు ఏరే పని చేసింది. తెల్లవారకముందే నడుం వంచితే పొద్దెక్కేదాకా ఎత్తే వీలుండేది కాదట. ఆ కుళ్ళు వాసన తలకు పట్టేసి, నూనె రాసినా పోయేది కాదని చెప్పేది. తోటలో తనకొక మట్టి గది కట్టుకుంది, తనే మట్టి తొక్కి, తనే గోడ లేపి. తన తలుపుకు తను గడియ వేసుకోవడం జీవితంలో అదే మొదటిసారి అని ఒకనాడు అంది.

ఇలా ఉండగా ట్రస్టులో ఛైర్మన్ తమ్ముళ్ళకు ఓపిక అయిపోయింది. నేర్చుకునేవాళ్ళు రాని శిక్షణ తోట దేనికి, ప్లాట్లు వేస్తే పోదా అన్నారు. ఛైర్మన్ కాళ్ళావేళ్ళా పడి ఒక అవకాశం తెచ్చారు. పీలమేడులోని ఒక కాలేజీ ప్రిన్సిపాల్ స్వయంగా వచ్చి చూస్తారు. ఆయనకు నచ్చితే ప్రతి ఏడూ విద్యార్థులను మా దగ్గరికి పంపుతారు, తోట నిలుస్తుంది. నచ్చకపోతే ఆ ఎండాకాలంతో మూత.

ఈ మాట పనివాళ్ళందరికీ చెప్పాను. అందరూ వెళ్ళాక అక్క నా దగ్గరికి వచ్చింది.

"సార్, ఆ మార్కెట్టుకు మళ్ళా పోలేను సార్" అంది. అంతే అంది. ఆమె అంత చిన్నగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. 

ప్రిన్సిపాల్ వచ్చే రోజుకు తోటను పెళ్ళిపందిరి చేశాం. వంటింటి నీళ్ళు పారే అరటి గుంట, వాన నీళ్ళు నిలిచే కందకాలు, జొన్నా చిక్కుడూ గుమ్మడీ కలిసి పెరిగే మడి, అన్నింటికీ బోర్డులు పెట్టాడు డిజైనర్. ఆఖరికి నీళ్ళు వాడని మరుగుదొడ్డి లోపల కూడా నాలుగు గోడలకూ బోర్డులు తగిలించాడు. ఆ మరుగుదొడ్డి సంగతి కొంచెం చెప్పాలి. లోపల నీళ్ళకు బదులు రంపపు పొట్టూ బూడిదా చల్లుతారు, కింద గదిలో అదంతా నెలల తరబడి మాగి ఎరువవుతుంది. గోడలు అక్క లేపినవే. మట్టి, గడ్డి, ఆవు పేడ కలిపి తొక్కి, ముద్దలు ముద్దలుగా పేర్చి, అరచేత్తో నున్నగా మెత్తింది. ఎండాకాలంలో ఆ గోడకు వీపు ఆనిస్తే చల్లగా ఉండేది. తోట మొత్తానికి అంత చల్లని చోటు మరొకటి లేదు. ఈ సంగతి మనుషులెవరూ పట్టించుకోలేదు, ఎద్దు పట్టించుకుంది.

ప్రిన్సిపాల్ వ్యాను పొద్దెక్కాక వచ్చింది. భారీ మనిషి, నెమ్మదస్తుడు. కోయంబత్తూరు నుంచి వ్యానులో కుదుపులు తిని వచ్చాడు, పైగా దారిలో మజ్జిగ తాగాడట. దండ వేయబోతే చేత్తో ఆపి, "ముందు టాయిలెట్ ఎక్కడ?" అని తమిళంలో అడిగాడు. డిజైనర్ మొహం వెలిగిపోయింది. తనే వెంట ఉండి తీసుకెళ్ళి, తలుపు తెరిచి పట్టుకుని, పొట్టు ఎలా చల్లాలో చెప్పి వచ్చాడు.

అదే సమయంలో చుట్టం గేటులోంచి వచ్చింది. సామి వాటా వైపు తల కూడా తిప్పలేదు. తిన్నగా మరుగుదొడ్డి దాకా నడిచింది. తలుపును ఒకసారి వాసన చూసింది. గోడకూ తలుపుకూ కలిపి వీపు ఆనించి, మోకాళ్ళు మడిచి, నిట్టూర్చి కూర్చుంది. ఆ తలుపు బయటికి తెరుచుకునేది.

కాసేపటికి లోపలి నుంచి తలుపు తట్టిన చప్పుడు వచ్చింది. "తలుపు బిగుసుకుంది సార్" అన్నాడు ప్రిన్సిపాల్.

నేను ఏమని చెప్పేది? "ఎద్దు కూర్చుందండీ" అన్నాను.

"తోలండి."

"తోలకూడదండీ."

తలుపును లోపలి నుంచి ఇంకోసారి తోసి చూశాడు. ఆ తర్వాత, "ఎందుకు?" అన్నాడు. నేను వెంటిలేటర్ కింద నిలబడి, హారతి దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పుకొచ్చాను. మిల్లులో ఎన్నో మిషన్లు ఆగిపోయినప్పుడు ఎందరో ఇంజనీర్లకు సంజాయిషీ చెప్పాను గానీ, ఇంత ఇబ్బందిగా ఏనాడూ చెప్పలేదు.

ఈలోగా ఊరు ఊరంతా వచ్చేసింది. పెద్దాయన ఎద్దు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పచ్చగడ్డి చూపించాం, బెల్లం చూపించాం, అరటిపళ్ళు చూపించాం. కూర్చున్నచోటే అన్నీ తినేసింది. అంతగా మర్యాద చేస్తే ఎవరు మాత్రం లేస్తారు?

"పిలిచినోరు సాగనంపాల సార్. వేరే వళి లేదు" అన్నాడు పెద్దాయన.

ఛైర్మన్‌కు వీడియో కాల్ చేశాను. ఆయన పీలమేడు విమానాశ్రయంలో చెన్నై విమానం కోసం కూర్చుని ఉన్నారు. సంగతంతా చెప్పాను.

"ఇప్పుడు నన్నేం చేయమంటావయ్యా?"

"హారతి పట్టి సాగనంపాలండీ."

"ఎయిర్‌పోర్టులో కర్పూరమా? నన్ను పట్టుకుపోతారు!" అన్నారు. కానీ తోట ఆయన ప్రాణం. పక్కన కూర్చున్న ప్రయాణికుణ్ణి బతిమాలి ఆయన ఫోను తీసుకుని, టార్చి లైటు వేసి, దాన్నే కర్పూరంగా, తన ఫోన్లో కనబడుతున్న మా ఎద్దు మొహం ముందు తిప్పడం మొదలుపెట్టారు. "సామీ, వచ్చినందుకు సంతోషం, ఇంక బయలుదేరు సామీ" అని గట్టిగా అంటున్నారు. వెనకాల యూనిఫారంలో ఉన్న మనిషి ఒకాయన నడుచుకుంటూ రావడం మాకు కనబడుతోంది. ఇటు నేను ఫోను పట్టుకుని ఎద్దు మొహం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. తాంబూలం అక్క చేతిలో ఉంది.

"చెల్లదు సార్" అన్నాడు పెద్దాయన ఆలోచించి. "ఫోన్లో పిలవలేదు గదా. ఫోన్లో ఎట్ల సాగనంపేది?"

"ఆయన మొహం కనబడతా ఉండాది గదా!" అన్నాను.

"మొహం ఉండాది. కాళ్ళు లేవే!"

దీని మీద ఊరు రెండుగా చీలింది. కాళ్ళు లేకపోయినా చెల్లుతుందని కొందరు, చెల్లదని కొందరు. ఛైర్మన్ ఆ వాదన విని, ఫోను కిందికి తిప్పి తన బూట్లు కూడా చూపించారు. ఎద్దు మెడ చాచి ఫోనును ఒక్కసారి నాకింది. ఫోన్ కట్టయిపోయింది.

లోపలి నుంచి ప్రిన్సిపాల్ గొంతు వినబడింది. ఈసారి తమిళం కాదు.

"లెయ్ నాయినా. నేను పెద్దోణ్ణి అయితిని. కాళ్ళు లాగతా ఉండాయి. రవ్వంత పక్కకు జరగు నాయినా" అంటున్నాడు, తలుపు సందులోంచి, ఎద్దుతో.

అందరం నోళ్ళు తెరిచాం. ఆయనదీ మదురైలో తెలుగిల్లేనట. ఎద్దుకు మాత్రం అదేం గొప్పగా అనిపించలేదు, చెవి కూడా కదపలేదు. అక్క మాత్రం వెంటిలేటర్ దగ్గరికి ఒక బుట్ట తిరగేసి ఎక్కింది.

"అయ్యా, ఆకలిగా ఉండాదా?"

"ఉండాదమ్మా."

చెంబుతో మజ్జిగ, ఉడికిన వేరుశనగలు లోపలికి అందించింది. మరుగుదొడ్డిలో కూర్చుని ఎట్లా తినేదని ఆయన మొదట మొహమాటపడ్డాడు. తర్వాత వేరుశనగ తొక్కలు రాలుతున్న చప్పుడు వినబడింది.

పొద్దు నడినెత్తి దాటింది. ఆ ఎండలో నాకు ఏడుపొచ్చినంత పనైంది. తోటలో ఆయన చూసింది ఒక్క మరుగుదొడ్డి, అదీ లోపలి నుంచి. అప్పుడు అక్క ఎక్కడికో వెళ్ళి గడ్డపారతో తిరిగొచ్చింది. ఎద్దు దగ్గరికి కాదు, వెనక గోడ దగ్గరికి వెళ్ళింది.

"పెద్దాయనా, గోడ పగలగొడితే సామికి ఏమైనా తప్పా?"

పెద్దాయన ఆలోచించాడు. "గోడ మీది. సామి తలుపు దగ్గర ఉండాది. తప్పు లేదు."

డిజైనర్ అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు. "అక్కా, వద్దు! మన తోటలో ఇంత మంచి గోడ ఇంకోటి లేదు!" అన్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళు. "నేను కట్టింది, నేను పగలగొడతా. జరుగు తమ్ముడూ" అంది అక్క. అరచేత్తో ఒకసారి గోడను తడిమింది. గడ్డపార ఎత్తి కొట్టింది.

గోడ పగల్లేదు. గడ్డపార ఎగిరి వెనక్కి వచ్చింది. మళ్ళీ కొట్టింది. గోటంత పెచ్చు ఊడింది.

"గోడ బాగా గట్టిగా కట్టినారమ్మా" అన్నాడు ప్రిన్సిపాల్ లోపలి నుంచి, మెచ్చుకోలుగా.

చివరికి వంటింటి నీళ్ళు బిందెలతో తెచ్చి గోడ మీద పోశాం. మట్టి గోడ దెబ్బకు లొంగదు, నీళ్ళకు లొంగుతుంది. నానిన చోట చేతులతో పీకడం మొదలుపెట్టాం. నేను, అక్క, డిజైనర్, ఊరివాళ్ళు, అందరం. పెద్దాయన కూడా ఒక చెయ్యి వేశాడు. ప్రిన్సిపాల్ లోపలి నుంచి తన వంతు పీకాడు. మనిషి పట్టేంత కంత అయ్యాక, ముందు ఆయన చెప్పులు వచ్చాయి, తర్వాత ఒక కాలు, తర్వాత పొట్ట దగ్గర కాసేపు ఆగి, ఆ తర్వాత మొత్తం మనిషి, తల నుంచి కాలి దాకా బురదతో బయటికి వచ్చాడు.

ఆయన రెండు కాళ్ళూ నేల మీద ఆనాయో లేదో, అవతల ఎద్దు లేచింది. ఒళ్ళు విదుల్చుకుంది. జనం మధ్యలోంచి తనకు దారి ఇప్పించుకుని వెళ్ళిపోయింది. పెద్దాయన దానికి దండం పెట్టి దాని వెనకే పోయాడు.

నేను క్షమాపణలు చెప్పడానికి నోరు తెరిచాను. ప్రిన్సిపాల్ నా వైపు చూడటం లేదు. కింద కుప్పపడిన తడి మట్టి వైపు చూస్తున్నాడు.

"ఇప్పుడు దీన్ని ఏం చేస్తారమ్మా?"

"ఏముండాదయ్యా. ఇదే మట్టి, ఇదే గడ్డి. తొక్కితే మళ్ళా గోడ" అంది అక్క. అప్పటికే చీర ఎగదోపుకుని కుప్పలో దిగింది.

ఆయన తన ప్యాంటు చూసుకున్నాడు. ఇంక చెడటానికి దానిలో ఏమీ మిగల్లేదు. మడమల పైకి మడిచి, అక్క పక్కన దిగాడు. అంత పెద్దమనిషి, అరటి గెలంత కాళ్ళతో థప్ థప్ అని మట్టి తొక్కుతుంటే అక్క "అట్ల కాదయ్యా, మడమతో, మడమతో" అని అరుస్తోంది. ఎండ తిరిగేలోపు కంతలో సగం పూడింది. చేతులు కడుక్కుంటూ ఆయన నాతో చెప్పాడు. "మా పిల్లలను పంపుతాను. అంతసేపు లోపల కూర్చున్నాను సార్, వాసన లేదు. మా హాస్టల్లో ఒక్క నిమిషం నిలబడలేను. నాలుగు గోడల బోర్డులూ నాలుగేసి సార్లు చదివాను. ఈ అమ్మ వాళ్ళకు మొదట ఇదే నేర్పాలి."

మా కందకాలు ఆయన చూడలేదు. అరటి గుంట చూడలేదు. జొన్నా చిక్కుడూ గుమ్మడీ కలిసిన మడి చూద్దామన్నా, దాన్ని వెళ్తూ వెళ్తూ ఎద్దు తినేసింది. ఆయన వ్యాను ఎక్కిన కాసేపటికి చెన్నైలో దిగిన ఛైర్మన్ ఫోన్ చేశారు. ఎద్దు పోయిందండీ అని చెప్పాను. "చూస్తివా! నా హారతి!" అన్నారు. ఆయన ఇప్పటికీ అలాగే నమ్ముతున్నారు. నమ్మనీండి.

ప్రిన్సిపాల్ పిల్లలను పంపుతానన్న కబురు అక్కకు విడిగా, నెమ్మదిగా చెప్పాలని ఆమె గది వైపు వెళ్ళాను. పోయిందనుకున్న ఎద్దు అక్కడ ఉంది. గది అరుగు మీద పెద్ద గుడ్డ సంచి, అందులో తల దూర్చి నములుతోంది. అక్క అవతలి వైపు నుంచి తన చీరలు, కంచం, చెంబు ఒక్కొక్కటే మెల్లగా బయటికి లాగి అరుగు మీద పెట్టుకుంటోంది.

"ఏందక్కా ఈ సంచి?"

"పొద్దునే సర్దిపెట్టుకొంటి సార్. ఆయన వద్దంటే సాయంత్రం బస్సుకే మాట్టుతావణి పోదామని."

పొద్దుటి నుంచి మజ్జిగ అందించింది, నవ్వించింది, తిట్టింది, గోడ పగలగొట్టింది. అప్పటికే ఆమె సంచి సర్ది ఉందన్న సంగతి మాకెవరికీ తెలియదు.  సంచి విడిపిద్దామని, ఆచారం మరిచిపోయి ఎద్దు మీదికి చెయ్యెత్తాను. ఆమె నా చెయ్యి పట్టి ఆపింది.

"తిననీండి సార్. పిల్లలను పంపుతానని ఆయన మీతో అన్నది నేనూ వింటిని" అంది. "ఇంగ ఆ సంచితో నాకేం పని?"